బండి కదలక ముందే మొదలైన ప్రయాణం: ఏనుగుల వీరాస్వామి జీవితం

ఎర్రమంచి: మా మామూకు అరవై దాటాయి. పెనుకొండలో అంగడిని కొడుకులకు అప్పగించి, దాచుకున్న డబ్బుతో మొన్నామధ్య కొత్త కారు కొన్నారు. కొన్న వారానికే ఇంట్లో తన మనసులో మాట చెప్పారు. ఈ కార్లోనే, రోడ్డు మీదే, మక్కా దాకా పోయి ఉమ్రా చేసి రావాలట. మామీ నవ్వి ఊరుకుంది. పిల్లలు ఫోన్ తీసి మ్యాప్‌లో గీత గీసి చూపించారు. గీత బాగానే ఉంది. కానీ ఆ గీత ఎన్ని ప్రభుత్వాల మీదుగా పోతుందో, ఒక్కో సరిహద్దు దగ్గర ఏ కాగితం చూపించాలో, ఎంత డబ్బు ఏ రూపంలో పెట్టుకోవాలో ఆ ఫోన్ చెప్పలేదు. కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఖర్చు లెక్క ఏదని అడిగాను. ఎవరి దగ్గరా లేదు.

అప్పుడు నాకు ఏనుగుల వీరాస్వామి గుర్తొచ్చారు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట, కారు అనే మాటే లేని రోజుల్లో, సుమారు వంద మందిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి కాశీకి పోయి, తిరిగి ఇల్లు చేరిన తెలుగు మనిషి. ఆయన పోయింది తన మతం ప్రకారం తీర్థయాత్రకు. అయినా ఎక్కడికైనా సరే, ఇంటిల్లిపాదితో దూరం బయలుదేరాలనుకునే ఎవరైనా తెలుసుకోవాల్సిన జీవితం అది.

మన ఊరి రోడ్డుకు, ఆయనకు ఒక సంబంధం కూడా ఉంది. ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ దగ్గర మనం చూసే 44వ నంబరు జాతీయ రహదారిని నంబర్లు మారక ముందు 7వ నంబరు రోడ్డు అనేవాళ్లు. అది వారణాసిలో మొదలై రీవా, జబల్‌పూర్, నాగ్‌పూర్, హైదరాబాద్, కర్నూలు మీదుగా మన పెనుకొండ పక్కనుంచి బెంగళూరు దాటి కన్యాకుమారి చేరేది. వీరాస్వామి మన వైపు రాలేదు, కడప మీదుగా పోయారు. కానీ హైదరాబాద్ దాటాక ఆయన పట్టిన దారి దాదాపు ఇదే వరస. 2019 నుంచి ఎర్రమంచిలో తయారై ఉత్తరాదికి లారీల మీద పోతున్న కార్లు కూడా నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్ దాటే పోతాయి.

తండ్రి లేని పిల్లవాడు

వీరాస్వామి 1780 ప్రాంతంలో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి చనిపోయారు. ఆ వయసులో తండ్రి పోతే ఇల్లు ఏమవుతుందో మన ఇళ్లలో చాలామందికి తెలుసు. చదువు ఆగిపోవాలి, లేదంటే ఆ చదువే కూడు పెట్టాలి. ఆయనకు చదువే కూడు పెట్టింది. చిన్నతనంలోనే ఇంగ్లీషు పట్టుబడింది. పన్నెండేళ్లకే మద్రాసులో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ ఆఫీసులో జీతం లేని పనికి చేరారు. పదమూడేళ్లకు తిరునల్వేలి జిల్లాలో దుబాసీ పనికి వెళ్లారు. దుబాసీ అంటే ఇద్దరి మధ్య మాట మార్చి చెప్పేవాడు. తెల్లదొరకు రైతు మాట అర్థం కాదు, రైతుకు దొర మాట అర్థం కాదు. మధ్యలో నిలబడిన కుర్రాడు ఒక్క మాట తప్పు చెప్పినా ఎవరి భూమో, ఎవరి డబ్బో పోతుంది.

ఆ పని మనిషికి ఒక అలవాటు నేర్పుతుంది. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోవడం, చూసింది చూసినట్టు చెప్పడం. తర్వాత మద్రాసు తిరిగొచ్చి మెల్లగా పైకొచ్చి, అక్కడి సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. నగరంలో పేరు, పెద్దవాళ్లతో పరిచయాలు వచ్చాయి. హాయిగా కూర్చుని బతకొచ్చు. యాభై ఏళ్లు వచ్చేసరికి మాత్రం ఆయన కాశీకి పోవాలనుకున్నారు. కోర్టు నుంచి పొడుగాటి సెలవు తీసుకున్నారు.

ఒకే దేశం కాదు, ఎన్నో రాజ్యాలు

మద్రాసు నుంచి కాశీ అంటే ఇప్పుడు మనకు ఒకే దేశంలో ప్రయాణం. రైలు టికెట్ కొంటే చాలు. 1830లో అలా కాదు. మద్రాసు, కడప ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉన్నాయి. శ్రీశైలం అడవి కర్నూలు నవాబు కింద ఉంది. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. ఆదిలాబాద్ దాటి ఇంకా పైకి పోతే నాగ్‌పూర్ భోంస్లే రాజు రాజ్యం. అక్కడి నుంచి జబల్‌పూర్ వైపు మళ్లీ కంపెనీ పాలన, తర్వాత రీవా రాజు సంస్థానం, ఆ పైన గంగ ఒడ్డున మళ్లీ కంపెనీ. ఒక్కో హద్దుకు ఒక్కో చౌకీ, ఒక్కో సుంకం. నాణెం మారుతుంది, తూకం మారుతుంది, దూరం కొలిచే లెక్క కూడా మారుతుంది. ఇటు ఆమడలు, అటు కోసులు.

కంపెనీ ఇలాకా అంతటికీ ఒకే రకం రూపాయి రావడానికి 1835 దాకా ఆగాల్సి వచ్చింది. వీరాస్వామి బయలుదేరిన రోజుల్లో ఒక ఊరి రూపాయి ఇంకో ఊళ్లో అదే విలువకు చెల్లదు. సరాఫు దగ్గర మార్చుకోవాలి, ప్రతి మార్పుకూ వట్టం పోతుంది. దూరం పోయే వర్తకులు నగదు మూట మోయకుండా షావుకార్ల హుండీలు పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పటి బ్యాంకు డ్రాఫ్టు చేసే పనిని అప్పట్లో హుండీ చేసేది. ఇవాళ విదేశంలో కార్డు గీకినప్పుడు బ్యాంకు పట్టుకునే మార్పిడి ఛార్జీ ఆ వట్టానికి మనవడి లాంటిది.

ఇక్కడ మన పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ ప్రయాణాల గురించి తెలుగులో చెప్పాలంటే వాడే మాటల్లో సగం ఫారసీ, ఉర్దూల నుంచి వచ్చినవే. సరిహద్దు, రవాణా, సామాను, సవారీ, మజిలీ, రసీదు, బందోబస్తు, తనిఖీ, పర్వానా, చౌకీ. మంజిల్ తెలుగులో మజిలీ అయింది, సర్‌హద్ సరిహద్దు అయింది. ఇప్పుడు మనం పెద్ద రోడ్డును రహదారి అంటున్నాం. ఆ రోజుల్లో రాహదారీ అంటే దారిలో ఆపకుండా వదిలిపెట్టమని సర్కారు ఇచ్చే కాగితం. ఆ కాగితం పేరే చివరికి రోడ్డుకు పేరైంది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మనకు ఈ మాటలు రెండు వైపులా సొంతమే.

బయలుదేరే ముందు

వీరాస్వామి 1830 మే 18 రాత్రి మద్రాసు తండియార్‌పేటలోని తన తోట నుంచి బయలుదేరారు. అది ఎండలు మండే కాలం. పగలు నడవలేరు కాబట్టి రాత్రి ప్రయాణం. మరి చల్లటి కాలం చూసుకుని బయలుదేరకుండా మే నెలే ఎందుకని అడగొచ్చు. పదిహేను నెలలు పట్టే దారిలో ఎప్పుడు కదిలినా ఎండ, వాన, చలి మూడూ ఎక్కడో ఒకచోట తగులుతాయి. ఆయన విషయంలో వానలు తెలంగాణ నల్లరేగడి దారిలో పట్టుకున్నాయి. వానాకాలంలో రేగడి నేల ఎలా ఉంటుందో పత్తి పండించే ఊళ్ల వాళ్లను అడిగితే చెబుతారు. కాలు పెడితే తీయడానికి అవస్థ.

వెంట ఉన్నది ఒకరిద్దరు కాదు. ఇంటివాళ్లు, పల్లకీలు మోసే బోయీలు, కావడి వాళ్లు, వంటవాళ్లు, కాపలావాళ్లు. ఇంతమందికి రోజూ రెండు పూటలా తిండి కావాలి, తాగే నీళ్లు కావాలి, రాత్రి తల దాచుకునే చోటు కావాలి. కాబట్టి ఈ రోజు ఎంత దూరం పోగలమన్న దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. సాయంత్రం చేరే ఊళ్లో ఇంతమందికి బియ్యం దొరుకుతాయా? బావి ఉందా? అంగడి ఉందా? సత్రం లేకపోతే డేరా వేసే చోటు ఉందా? ఆ ప్రశ్నలకు దొరికిన జవాబులే తర్వాత ఆయన రాతలో మజిలీ మజిలీకీ కనిపిస్తాయి.

ఇప్పుడు కారు ప్రయాణానికి కూడా ఇదే సూత్రం. బండి ఎంత స్పీడ్ పోతుందన్నది ఆఖరి లెక్క. రాత్రి ఎక్కడ ఆగుతాం, అక్కడ పెట్రోలు దొరుకుతుందా, టైరు పోతే ఆ సైజు టైరు ఆ దేశంలో ఉందా అన్నది మొదటి లెక్క.

హద్దుల దగ్గర

తిరుపతి, కడప, అహోబిలం మీదుగా ఆయన శ్రీశైలం చేరారు. అప్పట్లో అది నడవడానికే భయపడే అడవి. అక్కడికి వచ్చే యాత్రికుల దగ్గర కర్నూలు నవాబు సర్కారు పన్ను తీసుకునేది. అది చదివి నవాబులంటే ఇంతేనని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రయాగ, గయ, పూరీల్లో కంపెనీ ప్రభుత్వం కూడా యాత్రికుల పన్ను వసూలు చేసింది. దాన్ని 1840లో గానీ ఎత్తివేయలేదు. యాత్రికుడి జేబు మీద అన్ని సర్కార్లకూ కన్ను ఉండేది.

కృష్ణ దాటి వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాద్ వెళ్లారు. అప్పుడు నాసిరుద్దౌలా నిజాం గద్దె ఎక్కి ఏడాది మాత్రమే అయింది. పాలన అంతా దాదాపు చందూలాల్ చేతిలో ఉంది. నిజాం ఇలాకాలో ఊరూరా ఉండే సుంకం చౌకీలతో యాత్రికులు పడే అవస్థ వీరాస్వామి రాతల్లో కనిపిస్తుంది. ఆయన కంపెనీ ఉద్యోగి. కంపెనీ పాలన మీద ఆయనకు మొగ్గు ఉందని చదివితే తెలిసిపోతుంది. అది గుర్తుపెట్టుకునే ఆయన్ను చదవాలి. అలాగని ఆయన చెప్పిన చౌకీల బాధ అబద్ధమని కొట్టేయనూ కూడదు. ఆ సుంకాలు హిందూ, ముస్లిం అని చూడలేదు. గుర్రం మీద బట్టల మూట వేసుకుని పోయే పఠాన్ వర్తకుడూ కట్టాడు, కాశీ పోయే బ్రాహ్మణుడూ కట్టాడు.

హైదరాబాద్ నుంచి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగ్‌పూర్, అక్కడి నుంచి జబల్‌పూర్. అప్పటి నాగ్‌పూర్, జబల్‌పూర్ దారులంటే యాత్రికులకు గుండె దడ. తోటి ప్రయాణికుల్లా కలిసిపోయి, రెండు రోజులు కబుర్లు చెప్పి, మూడో రోజు గొంతుకు గుడ్డ బిగించే థగ్గుల కాలం అది. వాళ్లను పట్టే పనిని కంపెనీ అధికారి స్లీమన్ ఆ ప్రాంతాల్లోనే మొదలుపెట్టాడు. థగ్గులు ఎక్కువగా కన్ను వేసేది ఒంటరివాళ్ల మీద, చిన్న గుంపుల మీద. వంద మందితో, సొంత కాపలాతో పోవడం డాబు కోసం అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో మందే రక్షణ. మన పెద్దలు హజ్‌కు కాఫిలాలుగా కదలడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

రీవా, మిర్జాపూర్ దాటి ప్రయాగ చేరి, కాశీ చూసి, తర్వాత పట్నా, గయ, కలకత్తా వెళ్లారు. గంగ మీద కొంత దూరం పడవల్లో సాగారు. వచ్చిన దారినే తిరిగి పోలేదు. కలకత్తా నుంచి పూరీ, గంజాం మీదుగా కోస్తా దారి పట్టి శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు చూసుకుంటూ 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. మొత్తం పదిహేనున్నర నెలలు.

రాసిపెట్టిన మనిషి

కాశీకి పోయి వచ్చినవాళ్లు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు. మరి వీరాస్వామి పేరే ఎందుకు నిలిచింది? ఆయన రాశారు కాబట్టి. దారి పొడుగునా మద్రాసులోని తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఉత్తరాలు రాస్తూ పోయారు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, దారి ఎలా ఉంది, నది దాటడానికి పడవ ఉందా, ఏ సరుకు దొరుకుతుంది, ఏ నాణెం చెల్లుతుంది, అక్కడి జనం ఏం తింటారు, ఏం కడతారు, ఎవరు పాలిస్తున్నారు. అన్నీ రాశారు. అదీ పండితుల భాషలో కాదు. అప్పట్లో తెలుగు పుస్తకమంటే పద్యమో, గట్టి గ్రాంథికమో. ఈయన మాత్రం మనుషులు మాట్లాడుకునే మాటకు దగ్గరగా, ఉర్దూ మాటలు, తమిళ మాటలు వస్తే అలాగే ఉంచి రాశారు.

1835 నాటికి ఉద్యోగం వదిలారు. 1836 అక్టోబరు 3న కన్నుమూశారు. అప్పటికి ఆ రాతలు అచ్చు కాలేదు. స్నేహితుడు వదల్లేదు. శ్రీనివాస పిళ్లె వాటిని ఒకచోట చేర్చి 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1941లో, దిగవల్లి వెంకట శివరావు వివరణలతో మళ్లీ తెచ్చారు. తెలుగులో వచ్చిన మొదటి యాత్రా గ్రంథంగా దానికి పేరు. 1830ల నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో, కడప దారి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చరిత్ర చదివేవాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకమే తెరుస్తారు.

ఇది రాస్తున్నప్పుడు నాకు కొంచెం బాధ కలిగింది. మన పెనుకొండ బాబయ్య స్వామి, అంటే బాబా ఫఖ్రుద్దీన్, సీస్తాన్ నుంచి ఇంత దూరం వచ్చారని మన పెద్దలు చెప్పుకుంటారు. ఉర్సుకు అన్ని మతాల వాళ్లూ వస్తారు. సీస్తాన్ అంటే ఇప్పటి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ సరిహద్దు. ఆ ప్రయాణంలో మజిలీలు ఏవి, ఏ నది ఎలా దాటారు, వెంట ఎవరున్నారు? ఆ వివరాలు మజిలీ వారీగా రాసిన పుస్తకం మన చేతిలో లేదు. మన ఇళ్లలోనూ అంతే. బొంబాయి పోయి ఓడ ఎక్కి హజ్ చేసి వచ్చిన తాతలు ఉన్నారు. నోటితో చెప్పారు, మనం విన్నాం, వాళ్లతోనే సగం పోయింది.

మామూ నోటుబుక్కు

ఈ కథంతా మామూకు చెప్పాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఇప్పటి కాగితాల లెక్క వేశాం. మనిషికి పాస్‌పోర్టు, దేశదేశానికీ వీసా. డ్రైవరుకు ఆర్టీవో ఆఫీసు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, అది ఒక ఏడాది వరకు పనికొస్తుంది. బండికి కార్నెట్. కార్నెట్ అంటే కారుకు పాస్‌పోర్టు లాంటి పుస్తకం. దేశంలోకి వచ్చేటప్పుడు ఒక ముద్ర, పోయేటప్పుడు ఒక ముద్ర. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దాన్ని ఇస్తుంది. దానికి పూచీ సొమ్ము కట్టాలి, ఎందుకంటే బండిని పరాయి దేశంలో అమ్మేసి వస్తే ఆ దేశపు సుంకానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. బయటికి పోయే ముద్ర వేయించుకోవడం మరిచిపోతే ఆ సొమ్ము చిక్కుల్లో పడుతుంది. అంటే రాహదారీ పర్వానా ఎక్కడికీ పోలేదు, పేరు మార్చుకుంది అంతే.

దారి సంగతి ఇంకా కష్టం. పిల్లలు గీసిన గీత వాఘా మీదుగా పోతోంది. ఆ గేటు మనకు తెరుచుకుంటుందన్న నమ్మకం మీద డబ్బు పెట్టలేం. కాబట్టి కారును ఓడలో గల్ఫ్ వైపు పంపి, మనుషులు విమానంలో పోయి, అక్కడి నుంచి రోడ్డు పట్టుకోవడం ఒక దారి. అప్పుడు ఓడ కిరాయి, రేవులో ఆగే రోజులు, ఆ రోజుల్లో మన తిండి, బస అన్నీ లెక్కలోకి వస్తాయి. పైగా మనం ఎడమ వైపు నడిపేవాళ్లం, అక్కడ కుడి వైపు నడుపుతారు. అరవై దాటిన కంటికి, చేతికి అది చిన్న మార్పు కాదు.

ఇవన్నీ విని మామూ వద్దనుకుంటారేమో అనిపించింది. వద్దనుకోలేదు. వెళ్లే తేదీ మాత్రం ముందుకు జరిపారు. ఈ ఏడాది కాదు, కాగితాలూ డబ్బూ సిద్ధమయ్యాకే అన్నారు. మరుసటి రోజు బజారుకు పోయి రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చారు. మొదటి పేజీలో దేశాల పేర్లు రాస్తారేమో అనుకున్నా. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో రాశారు. దూర ప్రయాణానికి పోయేవాడు ముందు అప్పులు తీర్చాలి, ఇంట్లో మిగిలేవాళ్ల ఖర్చు చూడాలి అని మన పెద్దలు చెప్పే మాట ఆయనకు గుర్తుంది. రెండో పేజీలో మామీ షుగరు మందులు, రోజుకు ఎన్ని, ఎన్ని నెలలకు ఎన్ని. మూడో పేజీ ఖాళీగా పెట్టారు. అందులో మొదటి మజిలీ పేరు రాస్తారట. ఆ పేజీ నింపాక రోజూ ఏదో ఒకటి రాయించే బాధ్యత చిన్న మనవరాలిది.

వీరాస్వామి జీవితం నుంచి మా ఇంటికి దొరికింది ఇదే. ఆయన దగ్గర ఇంజిన్ లేదు, ఫోన్ లేదు, మ్యాప్‌లో నీలం గీత లేదు. తనను నమ్మి వచ్చిన వంద మంది రాత్రికి ఎక్కడ తింటారు, ఎక్కడ పడుకుంటారు అనే లెక్క ఉంది, దారిని వెనక వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టే ఓపిక ఉంది. మీ ఇంట్లో కూడా దూరం పోయి వచ్చిన పెద్దలు ఉంటే, వాళ్ల మజిలీలు ఇప్పుడే అడిగి రాసుకోండి.